మార్పించిన టైర్లు

మొన్న నా మోపెడ్ టైర్లు మార్పించుకోవడానికి హైవే పక్కనున్న దుకాణానికి వెళ్లాను. చదువు చెప్పడానికి రోజూ చిరాగ్‌పల్లి బడికి దాని మీదే పోయి వస్తాను కాబట్టి టైర్లు అరిగి నున్నగా అయ్యాయి. దుకాణంలో ఉన్న అతను నన్ను పెద్దగా పట్టించుకోలేదు. చక్రాలు విప్పి, పాతవి ఊడదీసి, కాగితపు చుట్ట విప్పి కొత్తవి ఎక్కించాడు. ఎంతయిందో చెప్పాడు. పర్సులోంచి తీసి ఇచ్చేశాను. అంతే. ఒక్క మనిషితో ఒక్క మాట ఎక్కువ మాట్లాడే అవసరం రాలేదు. మనుషులతో మాట్లాడాలంటే ఇప్పటికీ జంకే నాకు అది ఎంతో సుఖంగా ఉండాల్సింది. కానీ కాగితం విప్పగానే వచ్చిన కొత్త రబ్బరు వాసన నన్ను అక్కడ్నుంచి కదలనివ్వలేదు. అతను "ఇంకేమన్న ఉన్నదా మేడం?" అని అడిగేదాకా అట్లాగే నిలబడి ఉన్నాను. ఆ వాసన మా ఇంట్లోకి రావడానికి ఒక వానాకాలంలో ఎంత ఖర్చయిందో నాకు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు మేము రైలు స్టేషన్ వెనక గల్లీలో, బండలు పరచిన రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. అమ్మ సర్కారు దవాఖానలో నర్సు. ఊళ్లలో తిరిగి కాన్పులు చేయడం, సూదులు వేయడం ఆమె పని. నాయన చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు తోటలు చూసి వచ్చే ఉద్యోగి. గానుగ ఆడే కాలంలోనే ఆయనకు నిండు జీతం. వాన మొదలైతే ఫ్యాక్టరీ మూతపడేది, జీతం సగానికి పడిపోయేది. ఆ నెలల్లో ఆయన అమ్మను బండి మీద ఊళ్లకు తీసుకుపోయి తీసుకొచ్చేవాడు. నాలుగో మనిషి మా అవ్వ, నాయన తల్లి. ఝరాసంగం దగ్గరి పల్లెలో ఎడ్ల మధ్య బతికిన మనిషి, పట్నం వచ్చినా ప్రతి వస్తువునూ ఎడ్లతోనే పోల్చేది. బుగ్గలో తంబాకు పెట్టుకుని గడపలో కూర్చుని, వచ్చేపోయేవాళ్లను పేరు పెట్టి పలకరించేది. మా ఇంటికి ఎప్పుడూ మూడు వాసనలు ఉండేవి. అమ్మ సూదుల సామాను ఉడికించే గిన్నెలోంచి వచ్చే స్పిరిటు వాసన, అవ్వ తంబాకు వాసన, నాయన బట్టల పెట్రోలు వాసన. వీటన్నిటి కింద, పొద్దూమాపూ, పెనం మీద కాలే జొన్నరొట్టె వాసన.

నాయన బండి మిలిటరీ వాళ్లు వేలం వేస్తే కొన్నది. గల్లీలో అందరూ దాన్ని ఫట్‌ఫటి అనేవాళ్లు. మామూలు బండ్లకు ఉండే టైర్లు కావు దానివి. బురదలో, దుక్కిలో నడవడానికి రబ్బరు ముక్కలు నోట్లో పండ్లలాగా పైకి లేచి ఉండేవి. నాయన వాటిని పండ్ల టైర్లనేవాడు. సాయంత్రం బండి ఇంటికి రాగానే ఆ పండ్ల మధ్య ఇరుక్కున్న మట్టిని వెదురు పుల్లతో గీకడం నా పని. కోహీర్ వైపు పోయిన రోజు ఎర్రమట్టి పొడిపొడిగా రాలిపోయేది. ఝరాసంగం వైపు పోయిన రోజు నల్లరేగడి మైనంలాగా పట్టుకుని ఊడి వచ్చేది కాదు. చదివే పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో గీకుతూ కూర్చునేదాన్ని. అట్లా రోజూ గీకీ గీకీ ఆ టైర్లు నాకు మనుషుల ముఖాల్లాగా తెలిసిపోయాయి. వెనక టైరు దాదాపు గుండు అయిపోయింది. ఒకచోట మూడు పండ్లు వరుసగా ఊడిపోయి ముసలివాళ్ల చిగురులాగా కనిపించేది. ముందు టైరు ఇంకా కొంచెం నయం.

ఆ ఏడు అమ్మకు అయిదో నెల. అంతకు ముందటి ఏడు ఒక బిడ్డ ఆరో నెలలో, కడుపులోనే పోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఊరందరి బిడ్డలనూ చేతులతో పట్టిన మనిషి తన బిడ్డను పట్టలేకపోయింది. దవాఖానలో సెలవు అడిగితే, ఇంకో నర్సు వచ్చేదాకా ఆగమన్నారు. ఆగింది. పని ఆగలేదు.

ఒక సాయంత్రం అమ్మ, చీరకు మోకాళ్ల దాకా నల్లబురదతో, ఇల్లు చేరింది. నేను అడగకముందే "బండి జారింది గని పడలే" అన్నది. నాయన పంపు దగ్గరికి పోయి కాళ్లు కడుక్కున్నాడు. రొట్టెలు తినేటప్పుడు అమ్మ మెల్లగా మొదలుపెట్టింది.

"టైర్లు మార్పియ్యి. గీ టైర్ల మీద నేను రేగడిల కూసోను."

"సూస్త."

"సూసుడు గాదు. నా జీతంల కెళ్లి తీస్కో. మొన్ననే వచ్చింది."

"నేను సూస్కుంట అన్న గదా. నువ్వు ఫికర్ జెయ్యకు."

నాయన గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచేవాడు కాదు. కానీ 'నీ జీతం' అనే మాట వచ్చినప్పుడల్లా ఆయన ముఖం తలుపు వేసుకున్నట్టు అయ్యేది. ఇల్లు సగం ఆ జీతం మీదే నడుస్తున్న సంగతి అందరికీ తెలుసు. సరుకులు అమ్మే తెచ్చేది, కిరాయి అమ్మే ఇచ్చేది. ఆయన చేయి చాచి అడిగింది మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

రెండు రోజుల తర్వాత బండి తీసుకుపోయి మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. చక్రాలు శుభ్రంగా కడిగి ఉన్నాయి. రబ్బరుకు ఏదో నల్లటి నూనె రాసి ఉంది, మెరుస్తోంది. "మార్పిచ్చిన," అన్నాడు లోపలికి వస్తూ. అమ్మ గడపలోంచి ఒకసారి తొంగి చూసి నవ్వింది. ఆ వానాకాలంలో అమ్మ నవ్వడం అదే మొదటిసారి అనిపించింది నాకు. ఎంతయిందని అడిగితే "ఎంతైతేంది, అయింది" అని నాయన పడుకున్నాడు.

మర్నాడు పొద్దున ఝరాసంగం వైపు ఊరి నుంచి ఒకాయన వచ్చాడు. కోడలికి నెలలు నిండాయి, మొదటి కాన్పు, ఒకసారి వచ్చి చూసి పొమ్మన్నాడు. తెల్లారి వస్తానని అమ్మ మాటిచ్చింది. ఆయన పోయిన తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచి చెవిలో చెప్పింది. "విమలా, బడి ఇడిచినంక ఖాజా భాయ్ దుకాణం కాడికి పోయి, టైర్లు మార్చినందుకు ఎంతయిందో అడిగి రా. మీ నాయిన చెప్తలేడు. ఎవరి కాడ చేబదులు తెచ్చిండో ఏమో. నేను కడ్తె అయిపోతది."

ఖాజా భాయ్ దుకాణం లారీలు ఆగేచోట ఉండేది. గాలి పట్టే మిషను రొద, చాయ్ తాగే డ్రైవర్లు, నేలంతా నల్లటి నూనె. నేను అంతవరకు అటు ఒంటరిగా పోయిందే లేదు. హోటలు పక్కన నిలబడి, అడగాల్సిన మాటను మనసులో మళ్లీ మళ్లీ చెప్పుకున్నాను. ఎవరూ చూడని క్షణం కోసం ఎదురుచూశాను. అట్లాంటి క్షణం అక్కడ లేదు. చివరికి ఖాజా భాయే నన్ను చూసి పిలిచాడు.

"క్యా బేటీ? ఎవరి బిడ్డవు?"

"మిలిటరీ ఫట్‌ఫటి..." అన్నాను.

"అరే, ఫ్యాక్టరీ సార్ బిడ్డవా! చెప్పు."

"టైర్లు మార్చినందుకు ఎంత అయినదో తెలుసుకొని రమ్మని అమ్మ చెప్పినది."

డ్రైవర్లు గొల్లున నవ్వారు. "గీ పిల్ల పుస్తకంల కెళ్లి సీదా ఇటే వచ్చినట్టున్నది భాయ్," అన్నాడు ఒకడు. నా చెవులు వేడెక్కాయి. ఖాజా భాయ్ మాత్రం నవ్వలేదు, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"నాలుగు రూపాయలు. మజూరి. గవి మీ నాయిన అప్పుడే ఇచ్చిండు. బాకీ ఏం లేదని చెప్పు అమ్మకు."

"మరి టైర్ల పైసలు?"

"ఏ టైర్లు?"

నేను నేల చూశాను. ఆయనకు అప్పుడు అర్థమైనట్టుంది. గొంతు తగ్గించాడు. "బేటీ, ముందటిది ఎన్కకు ఏసిన, ఎన్కది ముందటికి ఏసిన. సార్ గదే మార్చుమన్నడు. కొత్తయి గావాల్నంటే బీదర్ కెళ్లి తెప్పియ్యాలె. జోడికి మూడు వందలు దాట్తది. ముందట గుండు టైర్ ఉంటే బురదల హ్యాండిల్ మాట ఇనదు సార్ అని చెప్పిన. ఎన్క బరువుంటది, మంచిది ఎన్కనే ఉండాలె అన్నడు. గాడీ ఆయనది, నేనేమంట?"

"టైర్లు మార్చలే భాయ్, జాగలు మార్చినవ్," అన్నాడు ఆ డ్రైవరే. మళ్లీ నవ్వులు.

ఇంటికి ఎట్లా నడిచానో గుర్తు లేదు. గుర్తున్నది ఆ మాట ఒక్కటే. మార్పిచ్చిన. నాయన అబద్ధం చెప్పే మనిషి కాదు. చెరుకు తోట పండలేదని రైతు ఏడిస్తే కూడా కాగితం మీద ఉన్నది ఉన్నట్టే రాసేవాడు, అందుకు తిట్లు కూడా తినేవాడు. ఇప్పుడూ అబద్ధం చెప్పలేదు. చొక్కా మార్చాడన్నా మార్చడమే, కుర్చీలు అటుదిటు మార్చాడన్నా మార్చడమే. ఒక్క మాట కింద రెండు పనులున్నాయి. ఆయన ఒకటి చేశాడు, అమ్మకు ఇంకొకటి వినిపించింది. ఇల్లు చేరగానే బండి ముందు వంగి చూశాను. నూనె మెరుపు కింద మూడు పండ్లు ఊడిన చిగురు ముందు చక్రంలో ఉంది. తెల్లారితే అమ్మ ఆ బండి మీద రేగడి దారిలో పోవాలి. నేను చెప్తే ఇంట్లో ఏమవుతుందో తెలియదు, చెప్పకపోతే దారిలో ఏమవుతుందో తెలియదు. పుస్తకాల్లో ఇట్లాంటప్పుడు మనుషులు పెద్ద పెద్ద మాటలు మాట్లాడతారు. నాకు ఒక్కటి కూడా దొరకలేదు.

వంటింట్లో అమ్మ రొట్టె కొడుతోంది. నాయన తింటున్నాడు. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. అమ్మ నన్ను పక్కకు పిలిచి రహస్యంగా అడుగుతుందనుకున్నాను. కానీ ఆమె ఆ రోజు సంతోషంగా ఉంది. అందరి ముందే, రొట్టె మీద దరువు ఆపకుండా అడిగింది.

"ఆ, ఎంతయిందంట చెప్పు. ఈయన దాస్తుండు గని."

నాయన చేయి పళ్లెంలో ఆగింది. తల ఎత్తి నా వైపు చూశాడు. బెదిరించే చూపు కాదు. పరీక్షలో జవాబు రాని పిల్లవాడి చూపు. నేను దాని వైపు చూడలేక పొయ్యి వైపు చూశాను.

"నాలుగు రూపాయలు."

"నాలుగు వందలా?" అన్నది అమ్మ.

"నాలుగు రూపాయలు."

దరువు ఆగిపోయింది. అమ్మ అరచేతులు పిండి మీదే ఉన్నాయి. పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది, ఎవరూ తీయలేదు. అమ్మ లేచి బయటికి పోయింది. బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. నాయనే ముందు మాట్లాడాడు.

"మార్పిచ్చిన అన్న. అబద్ధం చెప్పిన్నా? ఎన్క నువ్వు కూసుంటవు. నీ కింద మంచిది ఉండాలెనని ఏపిచ్చిన."

"మంచిది నా కింద, గుండుది నీ చేతులల్ల. పడేటప్పుడు ఇద్దరం ఏరే ఏరే పడ్తమా?"

"పడమే. మెల్లగ నడ్పుత. సీజన్ మొదలైతే నా జీతంల కెళ్లి కొత్తయి తెస్త. గప్పటిదాంక జర ఆగు."

"నాకు చెప్పుడెందుకు? కడుపుల ఉన్నదానికి చెప్పు, ఆగుమని."

ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది. నాయన ముఖం పాలిపోయింది. అవ్వ తంబాకు ఉమ్మి వచ్చి, కొడుకు వైపు కాకుండా గోడ వైపు చూస్తూ అన్నది. "ఎద్దుకు ముందటి కాళ్ల ఇనుప నాడాలు అరిగితే ఎన్క కాళ్లయి పీకి కొడ్తరా కొడుకా? గిట్లాంటి సేద్యం మీ అయ్య సుత చెయ్యలే." ఇంకో రోజైతే నేను నవ్వేదాన్ని. నాయన పళ్లెంలోనే చేయి కడుక్కుని లేచాడు. రొట్టె సగం అట్లాగే ఉంది.

తెల్లారి అమ్మ పోనంటుందనుకున్నాను. కానీ అక్కడ మొదటి కాన్పు పిల్ల ఎదురుచూస్తోంది. సంచీ పట్టుకోవడానికి నన్ను కూడా తీసుకుపోయింది. నన్ను ముందు పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని నాయన హైవే దాటించాడు. తారు రోడ్డు అయిపోయి నల్లమట్టి మొదలయ్యేచోట అమ్మ "ఆపు" అన్నది. దిగింది. నన్నూ దింపింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నడవడం మొదలుపెట్టింది.

"ఎక్కు. జనం సూస్తరు," అన్నాడు నాయన.

"సూడనియ్యి."

నాయన మా పక్కనే, రెండు కాళ్లూ నేలకు ఆనించి, నడిచేంత మెల్లగా బండి నడిపాడు. ఇంజను అరుస్తోంది, బండి మాత్రం మమ్మల్ని దాటడం లేదు. కంది చేనులో కలుపు తీయిస్తున్న ఒక రైతు నిలబడి చూశాడు.

"ఏం నర్సమ్మా, సారు ఉత్తగ నడుపుతుండు, నువ్వు నడుస్తున్నవు. అలిగినవా ఏంది?"

"ఎందుకు అలుగుత పటేలా? సారు టైర్లు కొత్తగ మార్పిచ్చిండు. నేను ఎక్కితే అరుగుతయని నడుస్తున్న."

చేనులో ఆడవాళ్లు నవ్వారు. నాయన మెడ వెనక భాగం ఎర్రబడటం నాకు కనిపించింది. ఆ నవ్వులు వినలేకో, దూరం పోదామనో, వాగులోకి దిగే వాలు దగ్గర గేరు మార్చి కొంచెం వేగంగా దించాడు. ముందు చక్రం హ్యాండిల్ మాట వినలేదు. అది ఒక పక్కకు పోయింది, బండి ఇంకో పక్కకు పోయింది. పెద్ద శబ్దం కూడా కాలేదు. బురదలో దున్నపోతు పడుకున్నట్టు పడిపోయింది.

నేను అరిచాను. అమ్మ అరవలేదు. కడుపుతో ఉన్న మనిషి అయినా వాలులో గబగబా దిగింది. నాయన ముందుకు ఎగిరి మెత్తటి చోట పడ్డాడు, మోకాలు చీరుకుపోయింది. కానీ లేచి కూర్చున్న తర్వాత ఆయన మోకాలు చూసుకోలేదు. బండి వెనక సీటు చూశాడు. ఎవరో నరికేసిన తుమ్మ మొద్దు ఒకటి దారి అంచున మొనదేలి ఉంది. వెనక సీటు సరిగ్గా దాని మీద పడి, పైనున్న తోలు చీరి, లోపలి కొబ్బరిపీచు బయటికి వచ్చింది. నాయన అటే చూస్తూ ఉన్నాడు. అమ్మ కూడా ఒక్కసారి చూసింది, వెంటనే తల తిప్పుకుంది. నా చేతిలో సంచీ తీసుకుని, దూది తీసి, మోకాలు తుడిచింది.

"మండుతున్నదా?" అన్నది.

"లేదు," అన్నాడు నాయన.

బండిని అక్కడే చేను గట్టు మీద నిలబెట్టి ముగ్గురం నడిచి పోయాం. ఆ పిల్లకు మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. సాయంత్రం నాయన బండిని తారు రోడ్డు దాకా తోసుకుంటూ వచ్చాడు. పొద్దున నవ్విన చేనులో అప్పుడు ఎవరూ లేరు, అందుకు నేను సంతోషించాను.

తమ్ముడు చలికాలంలో నిండు నెలలకు పుట్టాడు. ఇప్పుడు నాకు జీతం వస్తోంది. మొన్న దుకాణంలో నోట్లు తీసి ఇచ్చినప్పుడు నేను ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇది సుఖమే. నా తోటి టీచర్లు కొందరు జీతం మొత్తం తెచ్చి భర్తల చేతిలో పెడతారు, ఆ భర్తలు లెక్క అడిగి తీసుకుంటారు. వాళ్లకు సిగ్గు ఉండదు. నాయనకు ఉండింది. భార్య డబ్బు ముట్టుకోకపోవడమే మర్యాద అనుకునే కాలం మనిషి ఆయన. ఆ మర్యాదే మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చింది. అయినా ఈనాటి ఈ సిగ్గులేనితనం చూసినప్పుడు ఆయన మీద నాకు కోపం నిలవదు. ఇదంతా రాస్తూ, ఏది మేలో తేల్చుకోలేక ఈ పేజీ దగ్గర ఆగిపోయాను.

బండి పడిన మర్నాడు పొద్దున, అమ్మ రొట్టె కొడుతుంటే నాయన వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు. మోకాలికి కట్టు, మీద ఉతికిన చొక్కా. నేను మూలన పుస్తకం పట్టుకుని, చదవకుండా కూర్చున్నాను.

"పైసలియ్యి," అన్నాడు.

అమ్మ తల ఎత్తలేదు. "దేనికి?"

"టైర్లు మార్పియ్యాలె."

"ఏ తీరుగ మార్పిస్తవు?"

నాయన ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాడు. "కొత్తయి. బీదర్ పోయి తెస్త."

అమ్మ లేచింది. పిండి చేతులు కడుక్కోలేదు. పెట్టెలోంచి నోట్లు తీసి ఆయన చాచిన చేతిలో పెట్టింది. వాటి మీద జొన్నపిండి వేళ్ల గుర్తులు పడ్డాయి. నాయన వాటిని దులపలేదు. అట్లాగే మడిచి జేబులో పెట్టుకుని, బీదర్ బస్సు దొరుకుతుందో లేదోనని కుంటుకుంటూ బయటికి నడిచాడు.